బెల్టు లేని కుక్క ఎదురొస్తే ఏం చేయాలి?

"మా కుక్కని కిందికి దించితే చాలు, గల్లీ కుక్కలన్నీ మీదికొస్తున్నాయండీ. ఏం చేయమంటారు?" వారానికి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. కొందరి బాధ వీధి కుక్కలతో. ఇంకొందరి బాధ మూడో ఫ్లోర్ వాళ్ల ల్యాబ్రడార్‌తో. దాన్ని పొద్దున్నే బెల్టు లేకుండా వదిలేస్తారు, అది కనపడ్డ ప్రతి కుక్క మీదికీ ఎగురుతుంది, ఓనర్ గారు ఫోన్ చూసుకుంటూ తాపీగా వెనక వస్తుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

అవతలి కుక్కని లొంగదీసే విద్య ఏదో ఇందులో ఉంటుందనుకుంటే నిరాశ పడతారు. హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు కాలనీల్లో, పదకొండేళ్లుగా ఒకదాని తర్వాత ఒకటిగా రెండు కుక్కల్ని నడిపిస్తున్నాను. పోట్లాట మొదలయ్యాక నేను గెలిచింది ఒక్కసారి కూడా లేదు. తప్పించుకున్నవి దాదాపు అన్నీ ముందే చూసి, ముందే వెనక్కి తిరిగినవే. అందుకే కింద చెప్పేవాటిలో చాలావరకు గేటు దాటకముందు చేయాల్సిన పనులే ఉంటాయి.

ఏమేం కావాలి

తాడు: 5 లేదా 6 అడుగుల గట్టి నైలాన్ తాడు, చేతి దగ్గర మెత్తగా ఉండేది. ఇనుప గొలుసు వద్దు. పట్టు దొరకదు, లాగినప్పుడు అరచెయ్యి చీరుకుపోతుంది. బటన్ నొక్కితే సాగే తాడు అసలే వద్దు. కుక్క 15 అడుగుల దూరంలో ఉన్నప్పుడు ఇంకోటి వస్తే మీరు చేయగలిగేది ఏమీ ఉండదు, పైగా ఆ సన్నటి తాడు కాళ్లకు చుట్టుకుంటే కోసుకుపోతుంది.

హార్నెస్: ఛాతీ చుట్టూ వేసేది. దానితోపాటు మెడ బెల్టు కూడా ఉండాలి, మీ ఫోన్ నంబర్ రాసిన బిళ్లతో. భయపడ్డ కుక్క వెనక్కి లాగి తల తప్పించుకోవడం ఎంతసేపు!

రెండు రకాల తిండి: ఒక కవర్లో మీ కుక్క కోసం ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు. ఇంకో కవర్లో అవతలి కుక్కలకి విసరడానికి చవకరకం డాగ్ ఫుడ్ గింజలు. అవి లేకపోతే పార్లే-జీ కూడా పనికొస్తుంది.

బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు. ఏ కాలంలోనైనా. దీని సంగతి తర్వాత చెప్తాను, నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అర లీటరు నీళ్ల సీసా, చీకట్లో అయితే టార్చి, ఫోన్‌లో మీ కుక్క వ్యాక్సిన్ కార్డు ఫొటో.

కర్ర మీ ఇష్టం. చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందంటే పట్టుకెళ్లండి, కానీ కొట్టడానికి కాదు. కర్ర ఎత్తితే అవతలి కుక్క కన్నా ముందు మీ కుక్కే బెదిరిపోతుంది. పెప్పర్ స్ప్రే వద్దు. గాలి మీ వైపు ఉంటే మీ కళ్లలోకీ మీ కుక్క కళ్లలోకీ వస్తుంది. టపాకాయలు విసరమని ఎవరో సలహా ఇచ్చారని ఒకాయన చెప్పారు. దయచేసి వద్దు. బెదిరి తెంచుకుని పారిపోయిన కుక్కని రాత్రంతా వెతికినవాళ్లని చూశాను.

ఇంకొకటి. రేబిస్‌తో సహా వ్యాక్సిన్లన్నీ పూర్తికాని కుక్కపిల్లను వీధిలో నడిపించకండి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) కన్నా గల్లీ కుక్కలే నయం.

1. ముందు కుక్క లేకుండా ఒక చుట్టు తిరగండి

రెండు రోజులు, మీరు వాకింగ్‌కి వెళ్లే టైముకే, ఒక్కరే వెళ్లండి. ఎక్కడెక్కడ ఎన్ని కుక్కలున్నాయో ఫోన్‌లో రాసుకోండి. చికెన్ షాపు, చెత్త పోసే మూల, కర్రీ పాయింట్ వెనక సందు, కడుతున్న బిల్డింగు దగ్గర వాచ్‌మన్ గుడిసె, ఖాళీ ప్లాటులో ఇసక కుప్ప. గుంపులు దాదాపు ఎప్పుడూ ఇలాంటి చోట్లే ఉంటాయి. వాచ్‌మన్ పెట్టిన అన్నం తినే కుక్కలు మిగతావాటికన్నా గట్టిగా ఎదురొస్తాయి. వాటి లెక్కలో అది తమ ఇల్లు.

ప్రతి గుంపుకీ ఒక సరిహద్దు ఉంటుంది. మా వెనక గల్లీలో నల్లకుక్క, దాని చెల్లెళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దాకా మొరుగుతూ వస్తాయి. అక్కడ గీత గీసినట్టు ఆగిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఇంకో గుంపు. ఈ గీతలు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఎక్కడిదాకా ఓపిక పట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చో తెలుస్తుంది కదా.

అలాగే గేటు సరిగ్గా పడని ఇళ్లు, పెంపుడు కుక్కని వదిలే ఇళ్లు కూడా గుర్తు పెట్టుకోండి. నా అనుభవంలో గట్టిగా కరిచేవి వీధి కుక్కలకన్నా ఇవే. వీధి కుక్క ఎక్కువగా మొరిగి పంపించేస్తుంది. ఇరవై నాలుగు గంటలూ గేటు వెనక ఉండి, దారిన పోయే ప్రతి కుక్క మీదా మొరుగుతూ పెరిగిన కుక్క, గేటు తెరుచుకున్న రోజున ఆగదు.

2. టైము మార్చుకోండి

తెల్లవారుజామున 5 గంటలకి రోడ్డు ఖాళీగా ఉంటుందని వెళ్తారు చాలామంది. మనుషులకి ఖాళీ, కుక్కలకి అదే ఆఫీసు టైము. అలాగే రాత్రి హోటళ్లు కట్టేసి మిగిలింది బయట పడేసే వేళ. ఆదివారం పొద్దున చికెన్ షాపుల వైపు పోనే పోకండి. మా కాలనీలో పొద్దున ఏడింటికి, స్కూలు బస్సులు తిరిగే టైముకి, గుంపులు చెదిరిపోయి కార్ల కింద పడుకుంటాయి. మీ దగ్గర వేరేలా ఉండొచ్చు. మొదటి స్టెప్పులో రాసుకున్నది చూసుకోండి. ఎండాకాలంలో మాత్రం ఆలస్యమైతే తారు కాళ్లకు కాలుతుంది, అరచెయ్యి రోడ్డు మీద పెట్టి చూడండి.

కాలం సంగతి కూడా ఉంది. చిత్తకార్తె కుక్కలని ఊరికే తిట్టలేదు మన పెద్దలు. చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆ చుట్టుపక్కల వారాల్లో మగకుక్కలు గుంపులు కట్టి తిరుగుతాయి, మామూలుగా మీ జోలికి రానిది కూడా మీదికొస్తుంది. మీది ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయి, ఎదకు వచ్చి ఉంటే, ఆ మూడు వారాలు మేడ మీదో కాంపౌండ్ లోపలో తిప్పండి. కుక్క చూలు రెండు నెలల పైచిలుకు. అంటే సంక్రాంతి దగ్గరపడేసరికి ఇసక కుప్పల్లో, కల్వర్టుల కింద పిల్లలు. పిల్లల తల్లి ఉన్న సందులోకి నెల రెండు నెలలు వెళ్లకపోతే కొంపలేం మునగవు.

3. ఇంట్లో "పద" నేర్పండి

మీ కుక్కకి షేక్‌హ్యాండ్ రాకపోయినా పర్లేదు. ఇదొక్కటి మాత్రం రావాలి. మీరు ఒక మాట అనగానే ఏం చేస్తున్నా వదిలేసి మీతోపాటు వెనక్కి తిరిగి నడవాలి. నేను "పద పద" అంటాను. మీరు ఏ మాటైనా పెట్టుకోండి, కానీ కోపంలో వాడే మాట వద్దు.

హాల్లో తాడు పట్టుకుని నడవండి. సంతోషంగా "పద పద" అంటూ వెనక్కి తిరగండి. కుక్క మీ వైపు తిరగ్గానే మోకాలి దగ్గర చికెన్ ముక్క. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. మూడు నాలుగు రోజులయ్యాక మెట్ల దగ్గర, ఆ తర్వాత సెల్లార్‌లో, ఆ తర్వాత గేటు బయట. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లు ఒక్క పిలుపుకే తిరగాలి. అది వచ్చాకే పక్క చోటికి వెళ్లండి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. హాల్లో వచ్చింది కదా అని నేరుగా చికెన్ షాపు ముందు పరీక్ష పెడతారు. అక్కడ ఐదుసార్లు పిలిచి, కుక్క వినకపోతే లాగుతారు. రెండు రోజుల్లో ఆ మాటకి అర్థం "ఇప్పుడు మెడ లాగుతారు" అని కుక్కకి ఖాయమైపోతుంది. అలా అయితే ఇంకో మాట ఎంచుకుని మళ్లీ హాల్లోంచి మొదలుపెట్టండి. వేరే దారి లేదు.

4. గేటు దాటే ముందు

హార్నెస్ కింద రెండు వేళ్లు పట్టాలి, మూడో వేలు పట్టకూడదు. కుక్కకి ఎదురుగా నిలబడి తాడు మెల్లగా మీ వైపు లాగండి. తల గానీ ముందు కాలు గానీ బయటికొస్తే వదులుగా ఉన్నట్టే.

తాడు పట్టుకునే తీరు చాలా ముఖ్యం. చివరి కంత బొటనవేలికి తగిలించి, మిగతాది అరచేతిలో మడతలుగా పట్టుకోండి. మణికట్టుకి చుట్టుకోవద్దు. ఇది నేను నేర్చుకున్నది మోచేతితో. ఒక ఆదివారం మా కుక్క చుక్కితో వస్తున్నాను. ఒకరి గేటులోంచి కారు తీస్తున్నారు. కారు వెనకాలే జర్మన్ షెపర్డ్ బాణంలా బయటికొచ్చింది. నా మణికట్టుకి తాడు రెండు చుట్లు. చుక్కి ఒకవైపు గుంజింది, నేను రోడ్డు మీద బోర్లా పడ్డాను, మోచేతి చర్మం ఊడొచ్చింది, వదులుదామంటే తాడు రాదు. పడిపోయిన మనిషి కుక్కకి ఏం సాయం చేస్తాడు? ఆ షెపర్డ్ ఓనర్ హారన్ కొట్టాడు కాబట్టి వదిలింది.

5. దూరంగా కనపడితే

ఫోన్ జేబులో పెట్టండి, చెవిలోవి తీసేయండి. మీ కుక్క కన్నా ముందు మీరు చూడాలి, అంతే. కార్ల కింద, మలుపుల దగ్గర, మూసిన షట్టర్ల ముందు.

నేను దూరాన్ని కరెంటు స్తంభాలతో లెక్కపెడతాను. రెండు స్తంభాల దూరంలో వేరే కుక్క ఉన్నప్పుడు మీ కుక్కకి చికెన్ ముక్క ఇవ్వండి. తిన్నదంటే ఇంకా మీ మాట వింటుంది. ముక్క ముందున్నా పట్టించుకోకుండా అటే గుడ్లప్పగించి చూస్తోందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. ఇంతకన్నా మంచి కొలత నాకు తెలియదు.

కనపడగానే చేయాల్సింది: రోడ్డు అవతలి వైపుకి వెళ్లడం, లేదా ఆగి ఉన్న కారు చాటుకి వెళ్లడం, లేదా "పద పద" అని వెనక్కి తిరగడం. ఇరుకు సందులో ఎదురెదురుగా దాటాలని పంతం వద్దు. తప్పక దాటాల్సి వస్తే సూటిగా కాకుండా చుట్టు తిరిగి, విల్లులా వంగి వెళ్లండి. కుక్కలు స్నేహంగా ఉన్నప్పుడు అలాగే నడుస్తాయి. సూటిగా కళ్లలోకి చూస్తూ వెళ్లడం వాటి భాషలో కయ్యానికి కాలు దువ్వడమే. తాడు బిగపట్టకండి. మీ చెయ్యి బిగుసుకుంటే ఆ బిగువు తాడులోంచి కుక్క మెడ దాకా వెళ్తుంది. "ఏదో వచ్చింది, మా అయ్య కూడా భయపడ్డాడు" అనుకుంటుంది అది.

6. మీదికొస్తుంటే

పరిగెత్తకండి. కేకలు పెట్టకండి. ఇది అందరికీ తెలుసు, ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. అందుకే వరస ఒకటి బట్టీ పట్టండి.

మీ కుక్కని మీ వెనక్కి తీసుకోండి. మీరు అవతలి కుక్కకీ మీ కుక్కకీ మధ్య నిలబడాలి. వెనక గోడో కారో ఉంటే ఇంకా మంచిది, గుంపు చుట్టుముట్టలేదు.

అరచెయ్యి ముందుకి చాపి, బొంగురు గొంతుతో, ఒక్కసారి, "ఏయ్! పో!" అనండి. చాలా వీధి కుక్కలకి ఈ మాట తెలుసు. కీచుగా పదేపదే అరిస్తే మీరు కూడా వాటితో కలిసి మొరుగుతున్నట్టే ఉంటుంది.

ఆగకపోతే గింజల గుప్పెడు తీసి నేరుగా దాని ముఖం వైపు, నేల మీద చెదిరేలా విసరండి. ఏరుకుంటుండగా మీరు వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోండి. నడక చాలు, వీపు చూపించకుండా. ఒక్క కుక్క అయితే ఇది బాగా పనిచేస్తుంది. నాలుగైదు ఉంటే గింజల కోసం వాటిలో అవే కొట్టుకుంటాయి, ఆ గొడవలో మీ కుక్క ఇరుక్కోవచ్చు. కాబట్టి గుంపుకైతే చాలా దూరం నుంచే, వెడల్పుగా చల్లండి. రోజూ ఒకే చోట విసరకండి, రేపటి నుంచి మీ కోసం కాచుకు కూర్చుంటాయి.

ఇంకా వస్తుంటే గొడుగు. దాని వైపు గురిపెట్టి బటన్ నొక్కండి. టప్పుమని ఎదురుగా నల్లటి గోడ లేచేసరికి చాలా కుక్కలు నిలబడిపోతాయి. తెరిచిన గొడుగు చాటున మీ కుక్క దానికి కనపడదు, దానికి మీ కుక్క కనపడకపోవడమే మనకి కావాల్సింది. అయితే ఒక షరతు: ఇంట్లో మీ కుక్కకి ముందు అలవాటు చేయాలి. మొదట మూసిన గొడుగు పక్కన తిండి, తర్వాత నెమ్మదిగా సగం తెరిచి తిండి, చివరికి బటన్ నొక్కి తిండి. వారం పడుతుంది. ఇది చేయకుండా రోడ్డు మీద తెరిస్తే ముందు పారిపోయేది మీదే.

రాయి తీస్తున్నట్టు వంగడం సంగతి అడుగుతారు. అవును, పనిచేస్తుంది. మన వీధి కుక్కల్లో ఆ వంగడం అర్థంకానిది ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు నేనూ వంగుతాను. కానీ చేతిలో కుక్క ఉన్నప్పుడు వంగితే మీ ముఖం వాటి ఎత్తుకి వస్తుంది, తాడు పట్టు సడలుతుంది. పైగా ఇంతకుముందు రాళ్ల దెబ్బలు తిన్న కుక్క రెచ్చిపోయి పక్కల నుంచి రావచ్చు. ఇక నిజంగా రాయి విసిరితే ఆ గల్లీలో మీ కుక్కకి శాశ్వత శత్రువులు తయారవుతారు. చివరి ఆయుధంగా ఉంచుకోండి.

గుంపు చుట్టుముడితే దగ్గరున్న షాపులోకో, ఎవరి గేటులోకో వెళ్లిపోండి. మొహమాటపడకండి. దారిన పోయే బైక్ అతన్ని ఆపి హారన్ కొట్టుకుంటూ మధ్యలోకి రమ్మనండి. నేను రెండుసార్లు ఇలాగే బయటపడ్డాను.

చిన్న కుక్కని ఎత్తుకోవాలా? పొమరేనియన్, షిట్జూ ఉన్నవాళ్లందరి ప్రశ్న. అవతలి కుక్క ఇంకా దూరంగా ఉన్నప్పుడు, నింపాదిగా ఎత్తుకుని పక్కకి వెళ్లిపోతే తప్పు లేదు. దగ్గరికొచ్చాక హడావుడిగా పైకి లాగితే అవతలిది దానికోసం ఎగురుతుంది, పళ్లు మీ చేతికో నడుముకో పడతాయి. దగ్గరికొచ్చేశాక ఎత్తడం కన్నా, ఆగి ఉన్న కారు బానెట్ మీద పెట్టి మీరు అడ్డంగా నిలబడటం మేలు. కారు ఓనర్‌కి సారీ తర్వాత చెప్పొచ్చు.

7. ఓనర్ ఉన్నాడు, కుక్కకి బెల్టు లేదు

"మావాడు ఏం చేయడండీ, చాలా ఫ్రెండ్లీ!" ఈ మాట విననివాళ్లు ఎవరైనా ఉన్నారా?

దీనికి "బెల్టు వేసుకోవాలని తెలీదా?" అని మొదలుపెడితే మాటకి మాట పెరుగుతుంది, ఈలోగా కుక్కలు రెండూ ముక్కూ ముక్కూ తగిలించుకుని ఉంటాయి. వాదన తర్వాత. ముందు దూరం. నేను గట్టిగా, మర్యాదగా, "మాది కరుస్తుందండీ, మీవాణ్ని పట్టుకోండి" అంటాను. చుక్కి ఈగని కూడా కరవదు. అయినా ఈ మాటకి కదిలినంతగా ఏ నీతివాక్యానికీ కదలరు. అది వద్దనుకుంటే "దీనికి చర్మం జబ్బండీ, అంటుకుంటుంది" అనండి. పరిగెత్తుకొచ్చి పట్టుకుంటారు. అబద్ధమే. కుక్కకి కుట్లు పడటం కన్నా నయం.

రోజూ ఎదురయ్యే మనిషైతే, కుక్కలు లేనప్పుడు, లిఫ్ట్‌లోనో కూరగాయల బండి దగ్గరో మాట్లాడండి. "అంకుల్, మాది భయస్తురాలు. మీరు ఆరున్నరకి దించుతారుగా, నేను ఏడింటికి తెచ్చుకుంటాను, ఎదురుపడితే మాత్రం కాస్త పట్టుకోండి" అని. టైములు పంచుకోవడం చాలాచోట్ల పనిచేసింది. అప్పటికీ వినకపోతే తేదీ, టైము, వీడియోతో అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం గానీ తీవ్ర గాయం గానీ కాకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి 6 నెలల దాకా జైలు, 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మొదటి రోజే ఈ సెక్షన్ బయటికి తీయకండి. రోజూ ముఖాలు చూసుకోవాల్సినవాళ్లం.

8. వచ్చేసింది, వాసన చూస్తోంది

ఇప్పుడు తాడు లాగకండి. లాగితే మీ కుక్క ఛాతీ పైకి లేచి, మీదికి వెళ్తున్నట్టు కనపడుతుంది. తాడు వదులు చేసి, రెండింటికీ చిక్కు పడకుండా మీరు వాటి చుట్టూ కదలండి. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి "పద పద" అంటూ నడవండి. మూడు అంకెల్లో జరిగే పలకరింపు మంచిగానే ముగుస్తుంది. అక్కడే నిలబడి మురిసిపోతే ఐదో అంకెకి పాడవుతుంది.

ఒళ్లు మెత్తగా, వంకర్లు తిరుగుతూ, తోక నడుముతో సహా ఊగుతుంటే పర్లేదు. కట్టెలా బిగుసుకుని, నోరు మూసుకుని, తోక పైకి నిలబెట్టి, వీపు మీద వెంట్రుకలు లేచి, కదలకుండా చూస్తోందంటే మూడు కూడా లెక్కపెట్టకండి. తోక ఊపుతోంది కదా అని మోసపోవద్దు. నిటారుగా నిలబెట్టి సన్నగా వణికించేది స్నేహం కాదు.

9. కొట్టుకుంటుంటే

చెయ్యి మధ్యలో పెట్టకండి. మెడ బెల్టు పట్టుకోవడానికి వెళ్లిన చేతినే మీ కుక్క కూడా కరుస్తుంది, తనకి తెలియకుండానే. చాలామందికి కాటు పడేది సొంత కుక్కతోనే.

నీళ్ల సీసా మూత తీసి ముక్కుల మీద కొట్టండి. గొడుగుని రెండు తలల మధ్యకి దూర్చండి. పక్కన డస్ట్‌బిన్ మూతో, ప్లాస్టిక్ కుర్చీయో, చీపురో ఉంటే అదీ పనికొస్తుంది. పైన వేసుకున్న కోటు తీసి తలల మీద కప్పండి. ఏది చేసినా, పట్టు వదిలిన మరుక్షణం మీ కుక్కతో అక్కణ్నుంచి కదిలిపోవాలి. చూస్తూ నిలబడితే రెండో రౌండ్ ఖాయం.

అవతలిది పెంపుడు కుక్క, ఓనర్ కూడా ఉన్నాడంటే, ఇద్దరూ ఒకేసారి ఎవరి కుక్క వెనక కాళ్లని వాళ్లు తొడల దగ్గర పట్టి ఎత్తి, వెనక్కి, కాస్త పక్కకి తిప్పుతూ లాగాలి. తోపుడు బండి పట్టుకున్నట్టు. పక్కకి తిప్పకపోతే అది వెనక్కి తిరిగి కరుస్తుంది. ఏదైనా ఒకటి పళ్లు దింపి పట్టుకుని ఉంటే లాగనే లాగొద్దు, కండ చీలుకొస్తుంది. నీళ్లతో, దుప్పటితో ముందు పట్టు వదిలించాలి. వీధి కుక్క కాళ్లు మాత్రం పట్టుకోకండి.

10. ఆ తర్వాత

మనిషికి పళ్లు దిగినా, గీరుకున్నా: పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, 15 నిమిషాలు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. కారం, సున్నం, పసుపు, పసరు ఏవీ పెట్టొద్దు. కట్టు బిగించొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అందరికీ తెలిసినవే. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది. ఇప్పుడు చేతికే, ఎక్కువగా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాంతోపాటు గాయంలో వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల సూది) గురించి కూడా అడగండి. కరిచిన కుక్కని పది రోజులు గమనించమంటారు, నిజమే, కానీ ఆ పది రోజులు అయ్యాక సూది వేయించుకుందాం అనుకోవద్దు. "పెంపుడు కుక్కే కదా" అని కూడా ఆగొద్దు.

కుక్కకి: ఇంటికి రాగానే వెలుతురులో కూర్చోబెట్టి, మెడ, చెవుల వెనక, చంకలు, పొట్ట, తొడలు, బొచ్చు పాయలు తీసి చూడండి. చేతికి తడి తగిలితే ఆగి చూడండి. ఆ జర్మన్ షెపర్డ్ రోజున చుక్కి ఒంటి మీద ఒక్క రక్తపు చుక్క కనపడలేదు. నా మోచేతి గొడవలో నేనున్నాను. రాత్రి మెడ నిమురుతుంటే కుయ్‌మంది. బొచ్చు కింద బియ్యపు గింజంత రంధ్రాలు రెండు. "పొద్దున చూద్దాంలే" అనుకున్నాను, అదీ నా తప్పే. మూడో రోజుకి నిమ్మకాయంత చీముగడ్డ. కోరపంటి గాయం పైన సూది మొనంత, లోపల సంచంత. కనపడ్డ రోజే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కుక్కకి ఏటా టీకా వేయిస్తున్నా, కాటు పడిందని చెప్తే వాళ్లు రేబిస్ డోసులు మళ్లీ వేస్తారు. మనుషుల నొప్పి మాత్రలు వేయకండి, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కుక్కలకి ప్రమాదం.

రెండు మూడు రోజులు వాకింగ్ మానేయండి. ఆ తర్వాత వేరే దారిలో, చిన్న చుట్టుతో మొదలుపెట్టండి. "భయం పోవాలి" అని మర్నాడే అదే చోటికి లాక్కెళ్లడం మా మామయ్య చేసిన పని. ఆ కుక్క నెల రోజులు గేటు దాటలేదు.

వీధి కుక్కల సంగతి శాశ్వతంగా తేలదా?

కొంత తేలుతుంది. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ అయినట్టు గుర్తు. మీ గల్లీలో కత్తిరించని చెవులు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఫొటోలతో మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇవ్వండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటిని పట్టుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ తెచ్చిన చోటే వదలాలి. "తీసుకెళ్లిపోండి" అని అడిగితే పని జరగదు, "ఆపరేషన్ చేయండి" అని అడిగితే జరిగే అవకాశం ఉంది.

ఇంకో పని, అన్నం పెట్టేవాళ్లతో మాట్లాడటం. వాళ్లతో దెబ్బలాడకండి, ఆ కుక్కలు పిలిస్తే పలికేది వాళ్లకే. గేటు ముందు, నడిచే దారిలో కాకుండా ఖాళీ ప్లాటు మూలకి మార్చమని అడగండి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోటే తిండి పెట్టాలని చెప్పింది. మా దగ్గర ఒక ఆంటీ పెట్టే చోటు నలభై అడుగులు జరిపారు. మా మెట్ల ముందు కాపలా కాసే మూడు కుక్కలూ వాటంతట అవే జరిగాయి. నిజానికి ఆ నల్లకుక్కతో నాకిప్పుడు గొడవే లేదు. ఆంటీ ఉన్నప్పుడు రోజూ దూరం నుంచి నాలుగు గింజలు వేస్తూ వచ్చాను, నెలన్నరకి మొరగడం మానేసింది. స్నేహం అనను, ఒప్పందం.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రోజూ ఇంటికి రాగానే ఫోన్‌లో మూడు ముక్కలు రాయండి: ఎన్ని కుక్కలు ఎదురయ్యాయి, ఎన్ని స్తంభాల దూరంలో మీ కుక్క తిండి తినడం మానేసింది, "పద" అంటే ఎన్నిసార్లకి తిరిగింది. రెండు వారాల తర్వాత చూసుకోండి. రెండు స్తంభాల దూరంలో తినడం మానేసేది ఒక స్తంభం దాకా తింటోందంటే మీరు సరైన దారిలో ఉన్నారు. ఎదురైన కుక్కల సంఖ్య తగ్గకపోతే కుక్కలో లోపం లేదు, మీ రూటో టైమో మార్చాలి.

ఇంటికొచ్చాక మీ కుక్క ఎంతసేపటికి పడుకుంటుందో కూడా చూడండి. గంట దాటినా ఆయాసపడుతూ కిటికీకీ తలుపుకీ తిరుగుతుంటే ఆ రోజు నడక దానికి వ్యాయామం కాదు, యుద్ధం. మర్నాడు సగం దూరమే వెళ్లండి.

నెల దాటినా మార్పు లేకపోతే రోజూ బయట నడవాలన్న పట్టు వదిలేయండి. మేడ మీద ఇరవై నిమిషాలు వాసన ఆట ఆడించండి, గింజలు పాత తువ్వాలు మడతల్లో దాచి వెతికించండి, అలిసిపోతుంది. వారానికి రెండుసార్లు కారులోనో, తెలిసిన డ్రైవరున్న ఆటోలోనో ఊరి చివర ఖాళీ రోడ్డుకి తీసుకెళ్లండి. గొడుగు మాత్రం అక్కడికీ పట్టుకెళ్లండి, గొర్రెల మందల వెంట ఉండే కాపలా కుక్కలు గల్లీ కుక్కల్లా "పో" అంటే పోవు.